పై ముడత, కింది ముడత, నడుమ పెళ్లికార్డు

మా బోటనీ సార్‌కి పెళ్లయిన నెలలోనే మాకు సెమినార్ పడింది. ఈ సంగతి ముందే చెప్పేస్తున్నాను. తర్వాత జరిగిన గోల అంత పెద్దదవడానికి సగం కారణం ఆ పెళ్లే. మిగతా సగం నేనంటారు మా క్లాసువాళ్లు. నేను ఒప్పుకోను.

సెల్‌ఫోన్లు సార్ల జేబులు దాటి ఇంకా మా జేబుల్లోకి రాని రోజులవి. గుంటూరులో ఓ డిగ్రీ కాలేజీలో బీఎస్సీ చివరి ఏడాది చదువుతున్నాను, తెలుగు మీడియం. ఆ ఏడే మా కాలేజీకి ప్రొజెక్టర్ వచ్చింది. ప్రిన్సిపాల్‌గారు దానికి కొబ్బరికాయ కొట్టి, పసుపూ కుంకుమా పెట్టి, బీరువాలో దాచి తాళం వేశారు. అటెండరు దాని మీద టర్కీ తువ్వాలు కప్పేవాడు. ఎవరైనా దగ్గరికొస్తే చాలు, "ముట్టుకోబాకండి, బల్బు పోతే నా జీతం చాలదు" అని అరిచేవాడు. అలాంటిదాన్ని సెమినార్లకి బయటికి తీస్తామని బోటనీ సార్ చెప్పారు. ఇద్దరిద్దరు కలిసి ఒక పాఠం మీద స్లైడ్లు చేసుకుని రావాలి. సగం ఒకరు, సగం ఒకరు చెప్పాలి.

నాకు జత పడింది మావాడు. మావాడంటే మా ఊరివాడే. ఒకే బస్సు, ఒకే బెంచి. వాళ్లది మిరప, మాది పత్తి. ముందటేడు సెమినార్‌లో వాడు గోడకి కట్టిన రంగుల చార్టు వంక చూస్తూ నోరు పెగలక నిలబడిపోయాడు. ఆ మార్కులు పోయాయి. ఇది కూడా పోతే ప్రాక్టికల్ పరీక్షకి కూర్చోనివ్వనని సార్ ముందే తేల్చేశారు. ఇక ఇంట్లో వాళ్ల నాన్న ఇంకో మాట తేల్చాడు. "డిగ్రీ చేతికొస్తే నీకు నచ్చిన ఉద్యోగం చూసుకో. రాకపోతే వచ్చి కళ్లంలో కూర్చో."

కళ్లమంటే కోసిన మిరపకాయలు ఆరబోసి, మంచికాయా తాలుకాయా ఏరి వేరు చేసే చోటు. మా వైపు పిల్లలందరూ అందులో దొర్లి పెరిగినవాళ్లే. మావాడు మాత్రం కళ్లం పేరెత్తితే పాముని చూసినట్టు చూసేవాడు. పోనీ పనిదొంగా అంటే, పొద్దున్నే లేచి తోటకి నీళ్లు పెట్టి కాలేజీకొచ్చేవాడు. వాడి బాధేమిటో నాకు అంతుపట్టేది కాదు.

మిరపలో ముడతల గురించి చెబుదామని అనుకున్నాం. ఆకు పైకి ముడుచుకుంటే పై ముడత, కిందికి ముడుచుకుంటే కింది ముడత. మొదటిది తామరపురుగు వల్ల, రెండోది నల్లి వల్ల. ఇందులో మాకు తెలియనిది లేదు. తెలియనిదల్లా స్లైడ్ల సంగతే. ఆ భారం నేను నెత్తికెత్తుకున్నాను. నాకు చిన్నప్పట్నుంచీ అందం పిచ్చి. రికార్డు పుస్తకాల్లో నా బొమ్మలు చూసి ఆడపిల్లలు కూడా అడిగి తీసుకెళ్లేవాళ్లు.

"ఒరేయ్, మిరప చెట్టు ఏ రంగు? పచ్చ. కాయ ఏ రంగు? ఎరుపు. అందుకని ఆకుపచ్చ మీద ఎర్రక్షరాలు వేయిద్దాం. తెర మీద తోటే కనపడాలి" అన్నాను.

"నీ ఇష్టంరా" అన్నాడు వాడు. వీడికి మంచి టేస్టు ఉందే అనుకున్నాను.

బస్టాండ్ పక్కన ఒకాయన పెళ్లికార్డులు కొట్టేవాడు. కంప్యూటర్లో తెలుగు వచ్చింది మాకు తెలిసి ఆయనకొక్కడికే. బాబాయ్ అని పిలిచేవాళ్లం. స్లైడ్లంటే ఏమిటో చెప్పబోతుంటే చెయ్యి అడ్డం పెట్టాడు.

"నాకు చెప్తారేంట్రా! మొన్నే ఒక పెళ్లికి చేసిచ్చా. కల్యాణమండపంలో టీవీ మీద తిప్పారు. చూస్తారా?"

చూపించాడు. చిలకపచ్చ మీద కుంకుమరంగు అక్షరాలు. ప్రతి అక్షరానికీ కాకరతీగలాంటి తోక. నేను ఆ క్షణంలోనే పడిపోయాను.

"ఇదే బాబాయ్! ఇదే కావాలి. పెళ్లి తీసేసి ముడతలు పెట్టు."

ఆయన అదే ఫైల్లో పెళ్లి మాటలు తీసేస్తూ మా మాటలు ఎక్కించడం మొదలుపెట్టాడు. నేను పక్కన కూర్చుని చెబుతూ పోయాను. ఒక్కటీ వదల్లేదు. పురుగు పుట్టుక, పెరుగుదల, మందు, మోతాదు, నీళ్లు, అన్నీ పెట్టించాను. "బాబూ, ఇక చోటు లేదు" అంటే "అక్షరాలు చిన్నవి చెయ్యి బాబాయ్" అన్నాను. చివరికి ఒక్కో స్లైడు సన్న బియ్యం ఆరబోసినట్టు తయారైంది. ఆయన అక్షరాలు కాలేజీ కంప్యూటర్లో ఉండవట, అందుకని ప్రతి స్లైడునీ బొమ్మగా మార్చి సీడీలో పెట్టిచ్చాడు. మొదటి నాలుగైదు చూసేసరికి మా ఊరి బస్సు హారన్ కొట్టింది. మిగతావి చూడకుండానే పరిగెత్తాం.

సెమినార్ రోజు గది కిటికీలకి హాస్టలు దుప్పట్లు కట్టి చీకటి చేశారు. అటెండరు తువ్వాలు తీశాడు. తెర మీద నా పచ్చతోట వెలిగింది. నా సగం నేనే ముందు చెప్పాను. చెప్పానంటే, తెర వైపు తిరిగి మొత్తం చదివాను. అన్ని మాటలున్నాయి మరి, ఎలా వదిలిపెడతాను? వెనక బెంచీ నుంచి ఎవడో "ఒరేయ్, భూతద్దం ఇచ్చి చదవరా" అన్నాడు. ఎద్దుకేం తెలుసు అటుకుల రుచి అనుకుని చదువుతూ పోయాను. మధ్యలో తిరిగి చూస్తే సార్ ఆవులిస్తున్నారు. కొత్త పెళ్లికొడుకు, నిద్ర చాలి ఉండదనుకున్నాను.

తర్వాత మావాడి వంతు. నేను మౌస్ దగ్గర కూర్చున్నాను. వాడు నాలా కాదు, తెర వైపు కన్నెత్తి చూడలేదు. క్లాసు వైపు తిరిగి, చేతిలో బెత్తం పట్టుకుని, గలగలా చెప్పడం మొదలుపెట్టాడు. మొత్తం కంఠతా పట్టేశాడు. ఎన్నో స్లైడు తర్వాత ఏమొస్తుందో లెక్క కట్టుకుని మరీ పట్టేశాడు. ముందటేడు నోరు పెగలనివాడు వీడేనా అని నాకు గర్వంగా అనిపించింది. "నెక్స్ట్" అన్నాడు. నేను మౌస్ నొక్కాను.

తెర మీద ఇలా ఉంది. "మా కనిష్ఠ పుత్రిక వివాహ మహోత్సవమునకు తామెల్లరు సకుటుంబ సపరివార సమేతముగా విచ్చేసి, నూతన వధూవరులను ఆశీర్వదింప ప్రార్థన."

బాబాయ్ అన్నీ తీసేసి ఒకటి మర్చిపోయాడు. అదే పచ్చ, అదే ఎరుపు, అవే కాకరతీగలు. నేను మౌస్ నొక్కి దాటించడం కూడా మర్చిపోయాను. మావాడు మాత్రం ఆగలేదు. బెత్తం సరిగ్గా "నూతన వధూవరులను" అన్న చోట ఆనించి గట్టిగా చెబుతున్నాడు.

"దీన్ని తొలి దశలోనే గుర్తుపట్టాలి. మొదట్లో పైకి ఏమీ తెలీదు, అంతా పచ్చగానే ఉంటుంది. నెల తిరిగేసరికి ముడుచుకోవడం మొదలవుతుంది."

క్లాసులో కిసుక్కుమన్న చప్పుడు. నేను కిందనుంచి వాడి ప్యాంటు లాగాను. వాడు కాలు విదిలించుకున్నాడు.

"చాలామంది పట్టించుకోకుండా వదిలేస్తారు. పక్కవాళ్లని చూసి మందులు కొడతారు. ఒకసారి అంటుకుందంటే పూర్తిగా పోదు. అదుపులో పెట్టుకోవాలంతే."

ఇక క్లాసు ఆగలేదు. బెంచీలు కొట్టుకుంటూ నవ్వారు. ఒకడు కిందపడ్డాడు. ఆడపిల్లలు చున్నీలు నోట్లో కుక్కుకున్నారు. అందరూ ఒకసారి తెర వంకా ఒకసారి సార్ వంకా చూస్తున్నారు. ఆ చీకట్లో కూడా సార్ మొహం ఎర్రబడటం నాకు కనిపించింది.

"ఎవడ్రా ఇది రాయించింది? నా మీద వేళాకోళమా?" అని లేచారు.

మావాడికి ఏం జరిగిందో తెలియదు. బిత్తరపోయి చూస్తున్నాడు.

"ఆ తెర మీద ఏముందో చదువు!"

వాడు తెర వైపు తిరిగాడు. కళ్లు చిట్లించాడు. ముందటేడు నిలబడ్డట్టే నిలబడ్డాడు.

"చదవరా!"

"కనపడటం లేదు సార్."

నవ్వు ఇంకా పెరిగింది. "కళ్లు లేవా?" అన్నారు సార్.

"ఉన్నాయి సార్" అన్నాడు వాడు. "నాకు ఎరుపూ పచ్చా ఒకటిగానే కనపడతాయి సార్. తెర మీద నాకేం లేదు. ఖాళీగా ఉంది."

నవ్వు ఉన్నట్టుండి ఆగింది. నా అందమైన తోట ముందు వాడు బెత్తం పట్టుకుని గోడ ముందు నిలబడ్డట్టు నిలబడ్డాడు. సార్ లైటు వేయించారు.

"సోమవారం మళ్లీ చెప్పండి. చదవడానికి వీలుగా చేసుకుని రండి" అన్నారు. తలుపు దాకా వెళ్లి, వెనక్కి తిరిగి మావాడితో, "ఈసారి కూడా చెప్పలేకపోతే నేను చెయ్యగలిగింది లేదు" అన్నారు.

ఆరోజు బస్సులో నేను వాడి మీద పడ్డాను. నా కోపం నాకుంది.

"ఒరేయ్, మూడేళ్లుగా పక్కన కూర్చుంటున్నావు. ఒక్క ముక్క చెప్పొద్దంట్రా? అడగందే అమ్మయినా పెట్టదంటారు."

"నువ్వు అడిగావా?" అన్నాడు వాడు. "ఎరుపు పెడదామా అని అడగలా. ఎరుపే అన్నావు."

"అంటే? వద్దనొచ్చుగా!"

"వద్దంటే ఎందుకంటావు. చెప్తే నవ్వుతావు." కిటికీలోంచి బయటికి చూస్తూ మెల్లగా చెప్పాడు. చిన్నప్పుడు పండుకాయ కోసుకు రమ్మంటే పచ్చికాయలూ కలిపి కోసేవాడట. కళ్లంలో దోరకాయలు ఏరమంటే మంచికాయలు ఏరేవాడట. కూలికొచ్చిన ఆడవాళ్లు పాటలు కట్టి మరీ నవ్వేవాళ్లట. వాళ్ల నాయనమ్మ, "మిరప రైతు కడుపున పుట్టి మిరపకాయ తెలీనివాడు" అని వచ్చిన చుట్టానికల్లా చెప్పేదట. వాడికి కళ్లమంటే ఎందుకంత భయమో నాకు అప్పటికి తెలిసింది. నాకు వాడి మీద జాలేసింది. కోపం కూడా తగ్గలేదు. చివరికి ఇద్దరికీ పల్లీలు కొన్నాను.

మర్నాడు మళ్లీ బాబాయ్ షాపుకి పోయాం. ఈసారి మావాడే చెప్పాడు. తెల్లటి స్లైడు మీద నల్లక్షరాలు, తోకలు లేకుండా, లావుగా కావాలన్నాడు. బాబాయ్ కీబోర్డు మీంచి చేతులు తీసేసి రెండు చెంపలూ వేసుకున్నాడు.

"తెల్లదాని మీద నల్లక్షరాలా? చుట్టూ పువ్వు లేకుండానా? అది కర్మ కార్డురా! దశదినానికి వేసేది. మాఘమాసం, శుభమా అంటూ పెళ్లి కార్డులు కొట్టుకుంటుంటే నా చేత దినం కార్డు కొట్టిస్తారా? పొండి!"

బతిమాలాం. ఆయన మర్చిపోయిన స్లైడు వల్ల ముందురోజు ఏం జరిగిందో చెప్పాం. ఆయన పడీ పడీ నవ్వి, నవ్వాక కొంచెం మెత్తబడ్డాడు. చివరికి ఒక ఒప్పందానికొచ్చాం. తెల్లదే, నల్లక్షరాలే, కానీ నాలుగు మూలలా పసుపు బొట్టు పెట్టాలి, పెళ్లికార్డుకి పెట్టినట్టు. అది లేకపోతే తను ముట్టుకోడు. మావాడు మానిటర్ దగ్గరికి వంగి, "పసుపు నాకు కనపడుద్ది బాబాయ్, పెట్టు" అన్నాడు. వాడి మొహంలో అంత సంతోషం నేను అంతకుముందు చూడలేదు.

అక్షరాలు ఎంత పెద్దవి ఉండాలో వాడికో ఉపాయం తట్టింది. బాబాయ్ మానిటర్‌ని రోడ్డు వైపు తిప్పించి, వాడు రోడ్డు దాటి అవతల సోడాబండి దగ్గర నిలబడ్డాడు. అక్కణ్నుంచి చదవగలిగితే ఉంచాలి, లేకపోతే పెద్దది చెయ్యాలి. అక్షరాలు పెద్దవయ్యే కొద్దీ నా వాక్యాలకి చోటు పోయింది. మోతాదు పోయింది. పురుగు పుట్టుక పోయింది. ఒక్కొక్కటి పోతుంటే నాకు పళ్లు పీకినట్టుంది. "అది నోటితో చెప్పచ్చుగా, రాయడమెందుకు?" అని అవతలి నుంచి అరిచేవాడు. ఆకు బొమ్మల్లో నేను చుట్టిన ఎర్ర సున్నాలు కూడా తీయించి, లావుపాటి నల్ల బాణాలు పెట్టించాడు.

కాసేపటికి సోడాబండి ఆయన కూడా చదవడం మొదలుపెట్టాడు. మొదట కళ్లకి చెయ్యి అడ్డం పెట్టుకుని వెతుక్కున్నాడు. మేం అక్షరం పెంచగానే ఒక్కసారిగా గొంతెత్తి, "ఆఁ, నల్లి కనపడింది, నల్లి కనపడింది!" అని కేక పెట్టాడు. ఆయన బల్ల మీద కూర్చుని సోడా తాగుతున్న పెద్దమనుషులు నల్లి అనేసరికి ఉలిక్కిపడి లేచి పంచెలు దులుపుకున్నారు. ఒకాయన బల్ల తిరగేసి మరీ వెతికాడు. "పంట నల్లండీ, మంచం నల్లి కాదు" అని మావాడు ఎంత చెప్పినా ఆయన మళ్లీ కూర్చోలేదు.

సోమవారం వచ్చింది. దుప్పట్లు కట్టారు. తువ్వాలు తీశారు. తెల్లటి తెర మీద లావుపాటి నల్లక్షరాలతో "పై ముడత" అని వెలిగింది. వెనక బెంచీ నుంచి మెల్లగా, "ఎవర్రా పోయింది?" అన్న మాట వినపడింది. సార్ పెదవులు బిగించుకున్నారు.

ఈసారి ముందు వాడే చెప్పాడు. ఒకసారి తెర వైపు తిరిగి, "పై ముడత" అని చదివాడు. రెండే మాటలు. కానీ తెర మీంచి వాడు చదవగా నేను వినడం అదే మొదటిసారి. తర్వాత క్లాసు వైపు తిరిగి చెప్పాడు.

"ఎడమపక్క బాణం దగ్గర చూడండి. ఆకు అంచులు పైకి లేచి పడవలా ఉంది. ఇది తామరపురుగు. కుడిపక్క ఆకు అంచులు కిందికి వంగాయి. వాడరేవు పిక్నిక్‌కి పోయినప్పుడు ఇసకలో పడవలు బోర్లించి ఉన్నాయే, అట్టా. ఇది నల్లి. పడవ నీళ్లలో ఉందా, ఒడ్డున బోర్లా ఉందా అని చూస్తే చాలు. మందు ఏది కొట్టాలో తెలిసిపోద్ది."

రంగు గురించి వాడు ఒక్క మాటా చెప్పలేదు. ఎలా ముడుచుకుంది, ముట్టుకుంటే ఎలా ఉంటుంది, విరిస్తే ఏమవుతుంది, అన్నీ మాటల్లోనే చూపించాడు. బొమ్మ సరిగా ఆనని వెనక బెంచీవాళ్లు కూడా చేతులు దోనెలా ముడిచి, బోర్లించి చూసుకుంటున్నారు. అటెండరు ప్రొజెక్టర్ని వదిలేసి, తనూ చెయ్యి బోర్లించి చూసుకున్నాడు. నా వంతు వచ్చేసరికి చెప్పడానికి పెద్దగా మిగల్లేదు. ఆ మిగిలింది చెప్పి కూర్చున్నాను.

సార్ లేచారు. "పాస్" అన్నారు మావాడితో. తర్వాత గొంతు తగ్గించి, "ఒకసారి అంటుకుంటే పూర్తిగా పోదన్నావు మొన్న. నిజమేనా?" అన్నారు.

"పూర్తిగా పోదు సార్. అదుపులో పెట్టుకోవచ్చు" అన్నాడు వాడు, పాపం ఆకుల గురించే.

సార్ పకపకా నవ్వారు. మేమూ నవ్వాం. ఎందుకు నవ్వుతున్నామో మావాడికి నేను మెట్లు దిగేటప్పుడు చెప్పాను. వాడు అక్కడే కూలబడి, కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వాడు.

సాయంత్రం బస్సు గుంటూరు దాటాక రోడ్డుకి రెండువైపులా కళ్లాలే. కోతల కాలం, నేలంతా మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి, చూసినంత మేరా. అంతవరకూ కళ్లం కనపడితే మొహం తిప్పుకునే మావాడు ఆరోజు కిటికీలోంచి తల బయటపెట్టి చూస్తున్నాడు.

"ఒరేయ్, అందరూ అబ్బ ఎంత బాగుందో అంటారే. అది ఎట్టా ఉంటుందిరా?" అన్నాడు.

స్లైడులో చోటు చాలనన్ని మాటలు రాయించినవాణ్ని, నా దగ్గర ఒక్క మాటా లేదు. నిప్పులా అందామంటే నిప్పు వాడికెలా కనపడుతుందో నాకు తెలియదు. కుంకుమలా అందామనుకున్నా. అదీ అంతే. చాలా దూరం పోయాక, ఊరి మలుపు దగ్గర అన్నాను.

"నోట్లో కొరికితే ఎట్టా ఉంటుందో, కంటికి అట్టా ఉంటుందిరా."

వాడు తల లోపలికి తీసుకున్నాడు. తర్వాత నా వైపు తిరిగి, నిజంగా జాలిపడుతూ అన్నాడు.

"రోజూ ఎట్టా చూస్తున్నార్రా మీరంతా!"